ఉపాధ్యాయుడును నిమిషచిత్రమును

(సికింద్రాబాదున జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో, విద్యాగోష్ఠియందు చేసిన ప్రసంగము)



ముప్పదిమూడు సంవత్సరములు బాలబాలికలకు తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొనిన నన్ను ఈ మహాసభలో ప్రసంగింపుమని ఆహ్వానించినందులకు మీకు కృతజ్ఞుడను. ఇట్టి సభలలో నావంటి వృద్ధోపాధ్యాయునకు సాధారణముగా ప్రాచీన గురుకులములను గూర్చియో, విద్యాప్రాశస్త్యమును గూర్చియో మాటలాడు భారము నప్పగింతురు. దానివలన వక్తకు అపాయము లేదు. శ్రోతలకు కొంత విశ్రాంతియు లభించును. ఈ యేడు కార్యదర్శిగారు నాకట్టి సౌఖ్యము కలుగనీయలేదు. నేటి ఉపాధ్యాయులు సెల్‌ఫోనుతో నిమిషమాత్రపు చిత్రములు తీసి లోకమునకు చూపుచున్నారు గదా, అది వృత్తికి వన్నెయో కళంకమో విచారించి చెప్పుమని కోరిరి.

వారట్లు కోరుటకు కారణము మీలో పలువురెఱుగుదురు. మన యువజన విభాగమువారు ఒక తీర్మానమును సిద్ధపఱచినారు. మన కులమునందలి ఉపాధ్యాయులలో ఎవరి రీళ్లను అత్యధిక సంఖ్యాకులు చూచిరో వారికి ప్రతివత్సరము ఉత్తమోపాధ్యాయ సన్మానము చేయవలెననియు, దాతల మూలనిధినుండి బహుమానము నొసగవలెననియు ఆ తీర్మానము. అది రేపు సర్వసభ్యసమావేశమున చర్చకు రానున్నది. యువకుల యుద్దేశము మంచిదే. ఉపాధ్యాయుని గౌరవింపవలెనను తలంపు ఏ రూపమున వచ్చినను నేను సంతోషింతును. కాని వారు చేతబట్టిన కొలబద్దను గూర్చి నాకు సందేహము గలదు. ఆ సందేహమును మీ ముందుంచుటకే లేచితిని.

మొదట ఈ సాధనము మన యిండ్లలోనికి వచ్చిన విధమును సంగ్రహముగా చెప్పెదను. టిక్‌టాక్ అను చైనాదేశపు సాధనమును భారత ప్రభుత్వము 2020 జూన్ 29వ తేదీన, మఱి 58 యాప్‌లతో గూడ నిషేధించెను. తరువాతి నెలలోనే ఇన్‌స్టాగ్రామువారు మన దేశమున రీళ్లను ప్రారంభించిరి. సెప్టెంబరులో యూట్యూబువారు తమ షార్టులను మొట్టమొదట మన దేశముననే పరీక్షించిరి. నాడు ఒక్కొక్క చిత్రమునకు హద్దు 15 సెకండ్లు. పిమ్మట ఆ హద్దు రెంటియందును పెరిగినది.

సరిగా ఆ కాలముననే మహమ్మారివలన మన బడులు మూతపడియుండెను. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పించెను. అందు కనబడు భాగ్యము కొందఱిదే. తక్కినవారు తమ తమ యిండ్లలో ఫోనును పుస్తకముల దొంతికి ఆనించి, గోడకు నల్లబల్ల తగిలించి, ఎదుట శిష్యుడు లేకుండ పాఠము చెప్పుట నేర్చుకొనిరి. అది మాకెంత కష్టమైన విద్యయో ఉపాధ్యాయులైనవారికే తెలియును. పాఠము చెప్పునపుడు మేము చూచునది బాలుని కన్నులను. వాని బొమలు ముడివడినచో మఱల చెప్పుదుము. వెలిగినచో ముందునకు సాగుదుము. ఫోనునకు బొమలు లేవు. ఐనను ఆ యభ్యాసము బడులు తెఱచిన పిమ్మటను నిలిచిపోయినది.

నేడు ఉపాధ్యాయులు ఏమి చూపుచున్నారు? నేను చూచినవానిని నాలుగు తెగలుగా విభజింపవచ్చును. మొదటిది పాఠము: ఒక సంధిసూత్రమో, ఒక లెక్కలోని కిటుకో, ఒక ఆంగ్లపదముయొక్క ఉచ్చారణమో నిమిషములో చెప్పుట. రెండవది తరగతి: చిన్న తరగతుల బిడ్డలచేత పాట పాడించుట, అభినయింపజేయుట. మూడవది బడియొక్క ప్రకటన: జూన్ నెలలో బడిబాట జరుగునపుడు ప్రభుత్వపాఠశాల ఉపాధ్యాయులు "మా బడికి రండు" అని గదులను, గ్రంథాలయమును, మధ్యాహ్నభోజనమును చూపుట. నాలుగవది ఉపాధ్యాయుని దినచర్య: తెల్లవారుజామున టిఫిను డబ్బా సర్దుకొని బస్సు పట్టుట, రాత్రి పదిగంటలకు జవాబుపత్రములు దిద్దుట, కడపట బదిలీ వచ్చిన దినమున పిల్లలు చుట్టుముట్టి యేడ్చుట. అమెరికా, ఇంగ్లండు దేశములలోను ఇట్టివి విస్తారముగా గలవు; అచ్చట వీనికి "టీచర్‌టాక్" అను పేరే యేర్పడినది.

ఈ నాలుగవ తెగను చూచి మన పెద్దలు నవ్వుదురు. "పంతులు పాఠము చెప్పక తన ముఖము చూపుకొనుచున్నాడు" అందురు. నేను నవ్వజాలను. మహాశయులారా, ఉపాధ్యాయుని ముఖమును ఇంతకాలము చిత్రించినవారెవరు? అధికారి తన తనిఖీ నివేదికలో చిత్రించెను. పత్రికవాడు సమ్మె జరిగినపుడు చిత్రించెను. సినిమావాడు 1972లో "బడిపంతులు" తీసి మనచేత కన్నీరు పెట్టించెను. తరువాతి చిత్రములలో ఆ పంతులునే పిల్లలు ఆటపట్టించు హాస్యపాత్రగా మార్చెను. ఆంధ్రప్రదేశములో 2022 ఆగస్టునుండియు, మన రాష్ట్రమున 2025 ఆగస్టునుండియు ప్రభుత్వోపాధ్యాయుడు ప్రతిదినము తన ముఖమును ఫోనునకు చూపి హాజరు వేసికొనవలసి వచ్చినది. ఆ యంత్రము ముఖమును గుర్తించును, మనిషిని గుర్తింపదు. అట్టివాడు అదే ఫోనును తనవైపు త్రిప్పుకొని, "నా పని యిట్టిది, నేనిట్టివాడను" అని తన నోట తాను చెప్పుకొనిన, అందు తప్పేమున్నది? ఏజెన్సీలోని ఏకోపాధ్యాయ పాఠశాలలో నుండు యువతి తన యొంటరితనమును గూర్చి నిమిషము మాటలాడి, వేఱొక జిల్లాలోని సహోపాధ్యాయినినుండి ధైర్యవాక్యమును పొందుట చిన్న లాభము కాదు.

క్రొత్త సాధనమును ఉపాధ్యాయుడు చేపట్టుట మన జాతికి క్రొత్తయు కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు బడిలో పాఠములు చెప్పుకొనుచునే 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి, ఆ బిడ్డలకు బడులు పెట్టించి, పిమ్మట తమ వాదమును లోకమునకు వినిపించుటకై 1919లో "తెలుగు" అను పత్రికను నడిపిరి. అచ్చుయంత్రము నాటి క్రొత్త సాధనము. బడిపంతులునకు పత్రికయేల అని నాడును అడిగినవారుండకపోరు. ఈ మాట నొప్పుకొనుచున్నాను: నేనిప్పుడు వ్రాయుచున్న గ్రాంథికమును ఆ గిడుగువారే ఖండించిరి. ఐనను ఉపాధ్యాయవృత్తికి వారు తెచ్చిన గౌరవమును గ్రాంథికవాదినైన నేనును కాదనలేను.

కావున సాధనమును నేను నిందింపను. నా సందేహము వేఱు. అది నాకు కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమువలన కలిగినది.

ఆ నాటకమున గణదాసుడు, హరదత్తుడు అను ఇరువురు నాట్యాచార్యులు తమలో నెవ్వడధికుడని కలహించి విదిశాధిపతి యగ్నిమిత్రుని సన్నిధికి వత్తురు. తీర్పు చెప్పుటకు కౌశికి యను పరివ్రాజిక నియమింపబడును. ఆమె చెప్పిన తాత్పర్యమును ఉపాధ్యాయులందఱును హృదయమున నుంచుకొనదగును. కొందఱియందు విద్య తమయందే శోభించును. కొందఱియందు ఇతరులకు సంక్రమింపజేయు శక్తి విశేషముగా నుండును. రెండును గలవాడే ఉపాధ్యాయులలో అగ్రగణ్యుడని యామె నిర్ణయము. అందుచేత ఆచార్యులు తామాడి చూపుటకాక, తమ శిష్యులచేత ఆడించి చూపవలెనని తీర్పు.

నిమిషచిత్రమునకు ఈ గీటురాయి నొరసి చూడుడు. ఉపాధ్యాయుని కంఠము, చమత్కారము, తెలివి, సొగసు — ఇవన్నియు మొదటి గుణములోనివి. వీనిని నిమిషచిత్రము చక్కగా చూపును. కాని రెండవ గుణమును, అనగా విద్య బాలునిలోనికి దిగుటను, అది చూపజాలదు. ఏలయన అది నిమిషములో జరుగదు. జూన్‌లో అక్షరములు కూడబలుకుకొను బాలుడు మార్చిలో కథ చదువుట యందలి ఉపాధ్యాయుని శ్రమను ఏ రీలులో నిముడ్చగలము? మంచి వక్తయైన ఉపాధ్యాయునకు మన్నన వచ్చును. మాటకారితనము లేక, మందబుద్ధుల ప్రక్కన ఓర్పుతో కూర్చుండు ఉపాధ్యాయుడు మఱుగున పడిపోవును. నా యనుభవమున బిడ్డలకు ఎక్కువ మేలు చేసినవారు ఈ రెండవ తెగవారే.

ఆ నాటకమున ఇంకొక రహస్యము గలదు. ఆ పోటీ నిజమైన పోటీ కాదు. రాజు మాళవిక చిత్తరువును చూచి, ఆమెను కన్నులార చూడగోరెను. అందులకై విదూషకుడు ఆచార్యుల నడుమ కలహము రగిల్చెను. గణదాసుని శిష్యురాలు మాళవిక రంగమునకు వచ్చి ఆడెను; రాజు కోరిక తీరెను. అంతట మధ్యాహ్నమైనదనియు, భోజనవేళ మించరాదనియు సభ ముగిసెను. హరదత్తుని ప్రదర్శనమును చూచు ఆతురత ఎవ్వరికిని లేకపోయెను. ఆచార్యుల పరీక్ష యని పేరు; చూడబడినది బాలిక. గణదాసుడు పాపము తన విద్యయే మెప్పు పొందినదని సంతోషించెను.

నేడు తరగతిలోని బిడ్డలను చిత్రించి లోకమున విడుచు ప్రతి ఉపాధ్యాయుడును ఈ ఘట్టమును స్మరింపవలెను. ఇది నా బోధనకు ప్రదర్శన మని మనము తలంతుము. చూచువారెవరో, ఎందుకు చూచుచున్నారో, ఏ బిడ్డ ముఖమును తీసి ఎచ్చట నుంచుకొందురో మన మెఱుగము. 1893 ఫిబ్రవరి 13వ తేదీన వివేకానందస్వామి మన సికింద్రాబాదు మహబూబు కళాశాలలో ప్రసంగించినపుడు వారి యెదుట శ్రోతలుండిరి. వారి ముఖములను స్వామి చూచిరి. నేటి ఉపాధ్యాయుని యెదుట నున్నది గాజుపలక. దాని వెనుకనున్న సభ కనబడదు.

ఇది నేను పుస్తకమువలన మాత్రమే తెలిసికొనినది కాదు. నా తప్పొకటి మీ యెదుట చెప్పుకొనెదను. పదవీవిరమణానంతరము నేను కొంతకాలము సాయంకాలములందు పిల్లలకు ఉచితముగా వ్యాకరణము చెప్పుచుంటిని. ఒకనాడు గుణసంధి జరుగుచుండెను. మహా, ఉదయము అను పదములను కలుపుమని పదమూడేండ్ల బాలు నొకని నడిగితిని. వాడు తడబడి "మహావుదయము" అనెను. నేను, "సంధి చేయుమనిన విగ్రహము చేసితివేమిరా!" అంటిని. పిల్లలందఱును నవ్విరి. వాడు నిజముగనే విగ్రహమువలె నిలిచిపోయెను. నాకు సహాయముగా వచ్చుచుండిన యువోపాధ్యాయుడు దానినంతయు ఫోనులో తీసి, ఆ రాత్రియే లోకమునకు పంపెను. నన్నడిగియే పంపెను, నేను సరేయంటిని. బాలుని అడుగవలెనని మా యిరువురకును తోచలేదు.

వారము తిరుగకముందే నా పూర్వశిష్యులు హ్యూస్టనునుండియు మెల్బోర్నునుండియు ఫోను చేసి, మాస్టారి చమత్కారము తగ్గలేదని పొగడిరి. నేను పొంగిపోతిని; ఈ మాట దాచను. ఇంతలో ఆ బాలుడు రాకుండుట గమనించితిని. చిలకలగూడలోని వారి యింటికి పోతిని. తల్లి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "మొన్న పెండ్లికి పోతే అందరు వీన్ని విగ్రహం అని పిలుస్తున్నరు సార్" అని మాత్రము అనెను. బాలుడు లోపలిగదినుండి రాలేదు.

చిత్రమును తీసివేయించితిని. కాని అప్పటికే పలువురు దానిని తమ ఫోనులలోనికి దించుకొనియుండిరి. నోటినుండి జాఱిన మాటను తరగతిలోనైన మఱునాటి ప్రేమతో మాపవచ్చును. ఇట్లు జాఱినదానిని మాపు మార్గము నాకు కనబడలేదు. ఇరువది దినముల పిమ్మట బాలుడు వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. నాటినుండి నే నడిగిన ప్రశ్నకు వాడు తానై చేయి యెత్తలేదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము శారీరకదండనముతోపాటు మానసికహింసనుగూడ నిషేధించినది. నా చేత బెత్తము లేదు గనుక నేను దండింపనివాడనని గర్వపడుచుంటిని. ఆ చిత్రమును చూచి నన్ను మెచ్చుకొనినవారి సంఖ్య పెరిగినకొలది ఆ బాలుని దండన పెరిగినది.

ఇక మన తీర్మానమునకు వత్తును. "వ్యూసు" అను సంఖ్యను కొలబద్దగా గైకొనవలెనని గదా ప్రతిపాదన! ఆ సంఖ్య యేమి చెప్పునో విచారింపుడు. 2025 మార్చి 31వ తేదీనుండి యూట్యూబువారు షార్టు ఆడుట మొదలైనంతనే దానిని ఒక దర్శనముగా లెక్కించుచున్నారు. ఇంతకాలము చూడవలెనను నియమము లేదు. మఱల మొదటినుండి తిరిగినను మఱియొకటిగా లెక్క. బొటనవ్రేలితో త్రోసివేసినవాడును, శ్రద్ధగా విని నేర్చుకొనినవాడును ఆ లెక్కలో సమానులే. బడి హాజరుపట్టీలో గుమ్మముముందుగా నడచిపోయినవారినిగూడ వ్రాసినట్లున్నది.

దీనికి ప్రతిగా వేఱొక లెక్కను మీకు గుర్తుచేసెదను. 2024 జూలైలో మంచిర్యాల జిల్లా జన్నారము మండలమునందలి పొనకల్ ప్రాథమికపాఠశాలనుండి ఒక ఉపాధ్యాయునకు సమీపగ్రామమునకు బదిలీ యైనది. పిల్లలు పోవలదని యేడ్చిరి. అంతతో నాగలేదు. 133 మంది విద్యార్థులు ఆ బడి విడిచి, ఆయన పోయిన బడిలో చేరిరి. పత్రికలన్నియు వ్రాసినవి. 133 అనునది రీళ్ల లోకమున లెక్కకురాని సంఖ్య. కాని వీరు వ్రేలు కదల్చినవారు కారు, కాళ్లతో నడచిపోయినవారు. తల్లిదండ్రులు తమ బిడ్డలను ఒక మనిషిని నమ్మి పంపిరి. కౌశికి చెప్పిన పరీక్ష యిదియే: ఆచార్యునకు సాక్షి శిష్యుడు.

కావున మన ఉపాధ్యాయసోదరులకును సోదరీమణులకును కొన్ని విన్నపములు చేసి ముగించెదను.

తరగతికాలము తరగతిదే. చిత్రముకొఱకు పాఠము మఱల మఱల ఆడింపరాదు. ఓడిన బిడ్డను, ఏడ్చు బిడ్డను, తప్పు చెప్పిన బిడ్డను, దానము పుచ్చుకొను బిడ్డను ఎన్నడును చిత్రింపరాదు. తక్కిన సందర్భములందును తల్లిదండ్రుల యనుమతిని, దానితోపాటు బిడ్డ యిష్టమును అడుగవలెను. పదునెనిమిదేండ్ల లోపువారి వ్యక్తిగత వివరములను వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి వలయునని 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. చట్టము చెప్పకున్నను మన మర్యాద చెప్పవలెను. పిల్లవాని ముఖమునకు బదులు వాడు గీసిన బొమ్మను, వాడు వ్రాసిన పుటను, నల్లబల్లపై మీ చేతిని చూపుడు. ప్రభుత్వోద్యోగులైనవారు 1964 నాటి ప్రవర్తన నియమములను మఱువరాదు. అవి పత్రికల, రేడియోల కాలమున వ్రాయబడినవేయైనను, అనుమతిలేని వ్యాపారము నేటికిని వ్యాపారమే. వస్తువుల ప్రకటనలవలన వచ్చు ధనమును గూర్చి ముందుగా పైయధికారులను అడుగుట క్షేమము. మీ కష్టమును, మీ సంతోషమును, మీ విద్యను నిస్సంకోచముగా చెప్పుకొనుడు. ఆ వేదికపై మీ ముఖము మీ సొత్తు. బిడ్డ ముఖము మీ సొత్తు కాదు.

పోషకమహాశయులకు ఒక మనవి. మీ ధనము సంఖ్యలను పూజించుటకు వెచ్చింపబడకుండుగాక. మన సంఘ కార్యాలయమున ఒక గదిని, మంచి మైకును, దీపమును ఏర్పఱచి, వారమునకు రెండు సాయంకాలములు మన ఉపాధ్యాయులు తెలుగున పాఠములు చిత్రించుకొనుటకు ఇండు. మారుమూల బడిలో నున్న బిడ్డకు అవి చేరును.

యువజన విభాగమువారికి నా సవరణ యిది. సన్మానమును మానవలదు, కొలబద్దను మార్చుడు. ప్రతివత్సరము ముగ్గురు పెద్దలు, ఇరువురు యువకులు గల ఉపసంఘము బడులకు పోయి, ఐదేండ్లక్రింద ఆ ఉపాధ్యాయునియొద్ద చదివినవారిని, ముఖ్యముగా వెనుకబడియుండి పైకివచ్చినవారిని, విచారింపవలెను. వారి మాటయే ప్రమాణము కావలెను. చిత్రములు తీసినవారైనను, తీయనివారైనను అందఱును అర్హులే. ఆ బహుమానమునకు నా పింఛనునుండి 5,116 రూపాయలు సమర్పించుకొనుచున్నాను.

నా తరగతిలో వెనుక వరుసలో కూర్చుండిన ఆ బాలుడు నేడు కళాశాలలో చదువుచున్నాడని విన్నాను. నా సవరణ నెగ్గినచో, ఐదేండ్ల నియమముప్రకారము ఏదో ఒకనాడు మీ ఉపసంఘము నా శిష్యులనుగూడ అడుగవచ్చును. అప్పుడు మొదట వానినే అడుగుడు. వాడేమి చెప్పినను నాకు శిరోధార్యము.